తరవాణిలో తేడా వాసన: అది పుట్టిన రోజును బట్టి కారణం పట్టుకునే పద్ధతి

తరవాణి, అంటే కుండలో పులియబెట్టిన గంజి, పాడైందనే అనుమానం రాగానే చాలామంది ముందుగా అడిగేది, అది ఏ వాసన అని. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ వాసన ఎన్నో రోజున మొదలైందని. కుండ నింపిన పూటే తెలిసే వాసన నీటి నుంచో, బియ్యం నుంచో, కుండ నుంచో వచ్చినదై ఉంటుంది. రెండవ, మూడవ రోజుల్లో పుట్టేది పులుపు సకాలంలో అందుకోకపోవడం వల్ల పుడుతుంది. అంతవరకు బాగా నడిచిన కుండలో వారం దాటాక వచ్చేది రోజూ తోడడంలో, పోయడంలో, మూత పెట్టడంలో జరిగే లోపం వల్ల వస్తుంది. కోడిగుడ్డు కుళ్ళిన వాసన మొదటి పూట వస్తే బోరు నీటిని అనుమానించాలి. అదే వాసన మూడవ రోజున వస్తే అడుగున మురిగిన అన్నాన్ని అనుమానించాలి. వాసన ఒకటే అయినా చేయవలసిన పని వేరు. అందువల్ల ఈ వివరణ వాసనల పేర్లను బట్టి కాక రోజుల క్రమంలో సాగుతుంది.

ఈ వాసనల వెనుక ఉన్న పదార్థాలను విడివిడిగా గుర్తించి పేర్లు పెట్టే పనిలో బీరు పరిశ్రమ పాత్ర చాలా పెద్దది. 1970లలో మోర్టెన్ మైల్గార్డ్ అనే రసాయనవేత్త బీరు రుచులన్నింటినీ ఒక చక్రంగా అమర్చిన తరువాత, తేడా వాసనను మూల పదార్థం దాకా వెదుక్కుంటూ వెళ్ళడం తయారీదారులకు ఒక క్రమశిక్షణగా మారింది. ఆ క్రమశిక్షణ గోదావరి డెల్టా ఇళ్ళలోని తరవాణి కుండకూ పనికివస్తుంది, ఎందుకంటే రెండూ ధాన్యపు పిండిపదార్థాన్ని సూక్ష్మజీవుల చేత పులియబెట్టేవే. అయితే తీర్పులు మాత్రం తారుమారవుతాయి. బీరులో పులుపు, వెన్న వాసన చాలా రకాలకు దోషాలు. తరవాణిలో పులుపే ప్రాణం. లేత వెన్న వాసన, అంటే పెరుగులోనూ ఉండే డైఅసిటైల్, ఇక్కడ దోషం కానే కాదు.

బాగున్న తరవాణి గుర్తులు

తేడాను పట్టుకోవాలంటే సరైనది ఎలా ఉంటుందో ముక్కుకు ముందే తెలిసి ఉండాలి. కుదురుగా పులిసిన తరవాణిలో పైన పలచని తేట, కింద తెల్లని మడ్డి విడివిడిగా నిలుస్తాయి. వాసన పలచని మజ్జిగను తలపిస్తుంది. దాని వెంట ఉడికిన బియ్యపు కమ్మదనం లీలగా ఉంటుంది. పులుపు నాలుక మీద వెంటనే తెలిసి, మింగిన తరువాత నిలవకుండా పోతుంది. గరిటెతో కలిపినప్పుడు సన్నని బుడగలు లేస్తే అది మంచి సూచన, ఎందుకంటే ల్యూకోనోస్టాక్ జాతి బాక్టీరియా పులుపుతో పాటు బొగ్గుపులుసు వాయువును కూడా విడుదల చేస్తుంది. తరువాతి దశలో లాక్టోబాసిల్లస్ రకాలు అందుకొని పులుపును ఇంకా పెంచుతాయి.

ఈ పులుపును కొలవడానికి పీహెచ్ కాగితాలు ఉత్తమం. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువైనట్టు. ఒకటి నుంచి పద్నాలుగు వరకు చూపే కాగితాల కంటే 3 నుంచి 6 వరకు మాత్రమే చూపే సన్నని కొలత కాగితాలు ఇక్కడ ఉపయోగం. తాజా గంజి పీహెచ్ ఆరు దాటి ఉంటుంది. 48 గంటలు గడిచేసరికి అది 4.5 కంటే దిగువకు రావాలి. కాగితాలు దొరకని చోట ఎర్రమందార రేకులను వేడినీటిలో నానబెట్టి, ఆ రసాన్ని చెంచాడు తరవాణిలో కలిపి చూడవచ్చు. పులుపు ఉంటే అది నిగారించిన గులాబీ రంగుకు తిరుగుతుంది. అయితే పులుపు ఉందనే సంగతే మందార చెబుతుంది గాని ఎంత ఉందో చెప్పదు కనుక, దాన్ని నమ్మి భద్రత విషయంలో నిర్ణయం తీసుకోకూడదు.

కుండ పెట్టే క్రమం

ఎక్కడ తప్పు జరిగిందో వెదకాలంటే తిన్ననైన క్రమం ఒకటి ముందు ఉండాలి. ఒక్కో ఇంటికి ఒక్కో ఆనవాయితీ ఉంది. కొందరు వాము, మెంతులు, దబ్బాకులు కుండలోనే వేస్తారు, కొందరు తినే వేళ కంచంలో కలుపుకుంటారు. ఆ తేడాలను పక్కన పెడితే, ఐదు లీటర్లు పట్టే కుండకు సరిపోయే క్రమం ఇది.

మొదటి మెట్టు: రంగు, వార్నిషు పూయని మట్టికుండను తీసుకొని, పూటపూటకూ నీరు మారుస్తూ రెండు రోజులు నానబెట్టాలి. తరువాత వేడి గంజి పోసి, అది చల్లారే వరకు ఉంచి పారబోసి, ఎండలో పెట్టాలి. సబ్బు ఈ కుండను ఎన్నడూ తాకకూడదు. మట్టి గోడలోని సన్నని రంధ్రాలు సబ్బును పీల్చుకొని, వారాల తరబడి దాన్ని తరవాణిలోకి తిరిగి వదులుతాయి.

రెండవ మెట్టు: నాలుగు లీటర్ల నీటిలో అరకిలో బియ్యం ఉడికించి గంజి వార్చాలి. రెండు లీటర్లకు పైగా గంజి వస్తుంది. ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో కుక్కరులో అత్తెసరు వండుతున్నారు కనుక గంజి మిగలదు. అన్నంలో నీళ్ళు పోసి మెదిపి తరవాణి పెట్టాలని చూస్తారు. అలా పెట్టిన కుండలో అడుగున అన్నం మందంగా పేరుకుంటుంది, కింద చెప్పబోయే దోషాలలో సగం అక్కడే మొదలవుతాయి. తరవాణి కోసమైనా గంజి వార్చడమే మేలు.

మూడవ మెట్టు: గంజిని రెండు గంటలలోపు గోరువెచ్చదనానికి తేవాలి. వెడల్పాటి గిన్నెలో పోసి, ఆ గిన్నెను చల్లని నీటి తొట్టిలో ఉంచి, మధ్యమధ్య కలుపుతూ ఉంటే అది సాధ్యమవుతుంది. దీనికి కారణం రుచి మాత్రమే కాదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గంజి నెమ్మదిగా చల్లారితే అవి మేల్కొని పెరుగుతాయి.

నాలుగవ మెట్టు: చల్లారిన గంజిలో పిడికెడు అన్నం, తోడుగా పాత తరవాణి తేట కలపాలి. గంజి ఎంత ఉంటే అందులో పదోవంతు నుంచి ఐదోవంతు వరకు తోడు చాలు. పాతది దొరకనప్పుడు, మూడవసారి బియ్యం కడిగిన నీటిని ఒక గ్లాసు పోస్తారు. ఆ నీటిలో పులియబెట్టే జీవులూ, తవుడు నుంచి దిగిన కొద్దిపాటి చక్కెరలూ ఉంటాయి. ఈ దారిలో పులుపు ఆలస్యమవుతుంది కనుక పీహెచ్ మీద మరింత కన్ను వేయాలి.

ఐదవ మెట్టు: శుభ్రమైన నేత గుడ్డను కుండ మూతికి కట్టి, నీడలో కుదురు మీద నిలపాలి. వేసవిలో ఒకటిన్నర రోజులో పులుస్తుంది. ధనుర్మాసపు చలిలో రుచి పూర్తిగా కుదరడానికి మూడు రోజులు దాటవచ్చు, అయినా 48 గంటలకు పీహెచ్ 4.5 దిగువకు రావలసిందే కాబట్టి ఆ రోజుల్లో తోడును ఐదోవంతు కంటే తగ్గించకూడదు. తయారైన తరువాత రోజుకు సగానికి మించి తోడకుండా, తోడినంత మేర మళ్ళీ చల్లార్చిన గంజి పోస్తూ ఉండాలి. కుండలో మిగిలే పులుపే మరుసటి రోజు గంజికి కాపలా.

వాసన చూడడం

గాజు గ్లాసులో మూడో వంతు తేట పోసి, అరచేయి మూతగా పెట్టి, ఒకసారి గుండ్రంగా తిప్పి, చేయి తీసిన వెంటనే చిన్నచిన్న ఊపిరులతో వాసన చూడాలి. కాఫీ తాగిన తరువాత, తిరగమోత ఘాటు ఇల్లంతా నిండిన వేళ ఈ పని పెట్టుకోకూడదు. అర నిమిషంలో ముక్కు ఏ వాసనకైనా అలవాటు పడిపోతుంది, కనుక మొదటి రెండు ఊపిరులకు తోచిన మాటనే రాసుకోవాలి. రోజూ ఆ కుండ దగ్గర ఉండేవారి ముక్కు నెమ్మదిగా పెరిగే దోషాన్ని పసిగట్టలేదు. పక్కింటివారి ముక్కు పట్టుకుంటుంది. బూజు కనిపించినా, కుళ్ళు కంపు కొట్టినా నోట పెట్టుకోకూడదు.

మొదటి రోజే తెలిసే వాసనలు

డెల్టాలో మొదటి రోజు వాసనల చరిత్ర చాలావరకు నీటి చరిత్రే. ఇక్కడ ఒకే ఊరిలో కాలువ నీరు, చెరువు నీరు, బోరు నీరు, కుళాయి నీరు నాలుగూ వాడుకలో ఉంటాయి, నాలుగింటికీ వేరువేరు దోషాలు ఉన్నాయి.

బురద వాసన, తొలకరి మట్టి వాసన వస్తే అది జియోస్మిన్ అనే పదార్థానిది. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, కొన్ని రకాల బాక్టీరియా దాన్ని తయారు చేస్తాయి. లీటరు నీటిలో గ్రాములో వంద కోట్లవ వంతులు కొన్ని ఉన్నా మనిషి ముక్కు దాన్ని గుర్తిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేసిన తరువాత, ముందుగా నింపి పెట్టుకున్న మంచినీటి చెరువుల మీద ఆధారపడే ఊళ్ళలో, ఎండకు నాచు పెరిగేకొద్దీ ఈ వాసన ముదురుతుంది. భీమవరం వైపు చెరువులలో పెంచిన శీలావతి, బొచ్చె చేపలకు ఒక్కోసారి పట్టే మట్టి వాసన కూడా ఇదే పదార్థం వల్ల. చేపను చింతపండు పులుసులో వండే అలవాటు ఆ వాసనకూ విరుగుడే, ఎందుకంటే పులుపు జియోస్మిన్‌ను విడగొడుతుంది. అందువల్ల మొదటి రోజు లేతగా ఉన్న మట్టి వాసన మూడవ రోజుకు పులుపుతో పాటు తగ్గితే కంగారు పడనవసరం లేదు. ముదురుగా ఉంటే నీటిని బొగ్గు ఫిల్టరు గుండా పంపడమే మార్గం. కాచినంత మాత్రాన ఈ వాసన పూర్తిగా పోదు.

కొత్త కుండ ఇచ్చే మట్టి వాసన దీనికి భిన్నం. అది కమ్మగా ఉంటుంది, నాలుగైదు నింపుళ్ళలో దానంతటదే తగ్గుతుంది. రెండింటిలో ఏది అన్న సందేహం ఉంటే అదే నీటిని స్టీలు గిన్నెలో ఒక రాత్రి ఉంచి వాసన చూస్తే తేలిపోతుంది.

ఆస్పత్రి వాసన, అయోడిన్ పూసిన గుడ్డ వాసన క్లోరోఫినాల్స్ వల్ల వస్తుంది. బ్లీచింగు పౌడరులోని క్లోరిన్, ఆకులలోనూ ధాన్యంలోనూ సహజంగా ఉండే ఫినాల్స్‌తో కలిసినప్పుడు ఇవి పుడతాయి. వరదల తరువాత కుళాయి నీటిలో బ్లీచింగు మోతాదు పెంచినప్పుడు ఈ ఫిర్యాదు ఎక్కువవుతుంది. మరిగిన గంజిలో క్లోరిన్ ఎక్కడ ఉంటుందని అడగవచ్చు. దోషి సాధారణంగా గంజి కాదు. చిక్కగా ఉందని దాన్ని పలచన చేయడానికి పోసిన పచ్చి కుళాయి నీరు. కలపబోయే నీటిని కూడా కాచి చల్లార్చి పోస్తే క్లోరిన్ పోవడమే కాక, కాలువ నీటితో వచ్చే రోగక్రిములూ చస్తాయి. ఒకసారి పుట్టిన క్లోరోఫినాల్ వాసనను తీసివేసే మార్గం ఇంట్లో లేదు, కుండలోనిది పారబోయవలసిందే. కుండ ఉన్న గదిలో ఫినాయిలు వాడడం కూడా మానుకోవాలి.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన మొదటి పూటే వస్తే బోరు నీటిలో కరిగి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును అనుమానించాలి. బోరు నుంచి అప్పుడే పట్టిన నీటిని సీసాలో సగం నింపి, మూత బిగించి కుదిపి, మూత తీసి చూస్తే తెలుస్తుంది. నీటిని ఎత్తు నుంచి ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి పలుమార్లు ఒంపి, తరువాత కాస్తే ఆ వాయువు ఎగిరిపోతుంది. బోరు నీరు నిలవ ఉంచినప్పుడు ఎర్రగా తేరుకుంటే అందులో ఇనుము ఉన్నట్టు. ఆ నీటితో పెట్టిన తరవాణి నెత్తురు రుచిని, తుప్పు రుచిని ఇస్తుంది. ఒక రాత్రి తేర్చి, మందపాటి గుడ్డలో వడకట్టి వాడుకోవచ్చు. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్ళలోని ఉప్పు బోర్లకు ఇలాంటి చిట్కా ఏదీ లేదు. ఉప్పదనం పులియడాన్ని మందగింపజేస్తుంది, కాచేకొద్దీ పెరుగుతుంది. తరవాణికి వేరే నీరు చూసుకోవాలి.

వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు పటిక తిప్పి తేర్చే ఇళ్ళలో తరవాణి వగరుగా ఉందని అంటారు. నీటిలో పటిక మిగిలిపోవడమే దానికి కారణం. పటికను కొద్ది సేపు మాత్రమే తిప్పి, రాత్రంతా తేరనిచ్చి, పై నీటినే కదపకుండా తీసుకుంటే వగరు రాదు.

నీరు బాగుండి, వాసన ముక్కగా ఉంటే బియ్యం చూడాలి. తేమ తగిలి ముక్కిన బియ్యం అన్నంలో కంటే గంజిలో ఎక్కువ బయటపడుతుంది, ఎందుకంటే ఆ వాసన గింజ పైపొరలో ఉండి నీటిలోకి దిగుతుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఉప్పుడు బియ్యపు గంజికి సహజంగానే ఒక ఉడుకు వాసన ఉంటుంది. అది దోషం కాదు గాని, పచ్చి బియ్యపు గంజికి అలవాటు పడినవారికి నచ్చకపోవచ్చు.

రెండవ, మూడవ రోజుల్లో పుట్టే దోషాలు

అన్నింటికంటే ముఖ్యమైన దోషానికి వాసనే లేదు. 48 గంటలు గడిచినా పులుపు రాకపోవడమే ఆ దోషం. వాసన బాగానే ఉంది కదా, మరొక రోజు ఆగుదామని అనిపిస్తుంది, ఆగకూడదు. పులుపు లేని వెచ్చని గంజిలో బాసిల్లస్ సీరియస్ పెరిగితే అది వదిలే వాంతుల విషం తరువాత ఎంత మరిగించినా నశించదు, ఆలస్యంగా వచ్చిన పులుపూ దాన్ని తొలగించదు. తిన్న గంటలోనే మొదలై ఆరు గంటల లోపు వాంతులు పట్టుకోవచ్చు. పీహెచ్ 4.5 దిగువకు రాని కుండను 48 గంటల దగ్గర పారబోయడం నా దృష్టిలో చర్చకు తావులేని నియమం.

పులుపు రాకపోవడానికి కారణాలు నాలుగైదే. క్లోరిన్ ఉన్న నీరు, మరీ వేడిగా ఉన్న గంజిలో తోడు వేయడం, తోడు తక్కువ కావడం, కుండలో సబ్బు మిగలడం, శీతకాలపు చలి. వీటిలో వేడి గంజి పొరపాటే ఎక్కువగా జరుగుతుంది. 50 డిగ్రీలు దాటిన గంజి తోడులోని మేలు చేసే జీవులలో చాలావాటిని చంపి, బీజాల రూపంలో ఉన్న చెడ్డవాటిని మాత్రం మిగుల్చుతుంది. గంజిలో కడిగిన వేలు ముంచి పది లెక్కపెట్టే వరకు హాయిగా ఉంచగలిగితేనే తోడు కలపాలి.

వాంతి కంపు, బాగా పాతబడిన నేతి కంపు బ్యుటిరిక్ ఆమ్లానివి. గాలి తగలని చోట, పులుపు ఇంకా అందుకోని వేళ, క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా దీన్ని తయారు చేస్తుంది. అడుగున అన్నం మందంగా పేరుకున్న కుండలోనే ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పైన తేట బాగున్నట్టు అనిపించినా, గరిటె అడుగుకు దించి కలిపినప్పుడు కంపు లేస్తుంది. ఇలాంటి తరవాణిని పారబోసి, మరుసటిసారి అన్నం పిడికెడుకు మించకుండా చూసుకొని, మొదటి రెండు రోజులు పూటకొకసారి అడుగంటా కలపాలి. మూడవ రోజున వచ్చే కోడిగుడ్డు కుళ్ళు వాసనకూ ఇదే కారణం, ఇదే పరిష్కారం.

జిగురు సాగడం విషయంలో కొంత వివేచన అవసరం. గరిటె ఎత్తినప్పుడు తీగలా సాగితే ముందు రెండు సంగతులు చూడాలి: చక్కెర గాని బెల్లం గాని వేశారా, పులుపు సరిగా ఉందా. ల్యూకోనోస్టాక్ బాక్టీరియా చక్కెర దొరికినప్పుడు దాన్ని డెక్‌స్ట్రాన్ అనే జిగురుగా మారుస్తుంది. అది హానికరం కాదు. తీపి మానివేసి నాలుగు రోజులు గంజి మాత్రమే పోస్తూ ఉంటే తగ్గిపోతుంది. తీపి వేయకుండానే జిగురు వచ్చి, పులుపు పలచగా ఉండి, మగ్గిపోయిన ఖర్బూజా వాసన వస్తుంటే అది బాసిల్లస్ జాతి పని, దాన్ని ఉంచకూడదు. తొందరగా పులవడానికి బెల్లం ముక్క వేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. అది జిగురుకూ, తరువాతి భాగంలో చెప్పే కల్లు వాసనకూ ఒకేసారి తలుపు తీస్తుంది.

వారం దాటాక వచ్చే దోషాలు

బాగా నడుస్తున్న కుండ ఒకనాటికి కల్లు వాసన వేయడం మొదలుపెడితే ఈస్టు పైచేయి సాధించిందని అర్థం. తాటికల్లు వాసన డెల్టావాసులకు కొత్త కాదు కనుక ఈ దోషాన్ని గుర్తించడం తేలిక. తీపి పదార్థాలు కలిసిన అన్నం, పరమాన్నం గిన్నె కడిగిన నీళ్ళు కుండలో పడడం, రోహిణి కార్తె ఎండల్లో కుండ ఉన్న గది మరీ వేడెక్కడం దీనికి దారి తీస్తాయి. కుండలోనిది ముప్పాతిక వంతు తీసివేసి, తాజా గంజి పోసి, నీడగా గాలి ఆడే చోటికి మార్చి, కుండ చుట్టూ తడిగుడ్డ కట్టాలి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తడిగుడ్డ ఇచ్చే చల్లదనం పొడి ప్రాంతాలలో ఇచ్చినంత ఉండదు. వెడల్పాటి పళ్ళెంలో నీరు పోసి అందులో కుండను నిలిపితే మరికొంత ఉపయోగం. ఆ నీటిని రోజూ మార్చకపోతే దోమలు చేరతాయి.

గోళ్ళరంగు వాసన అదే దారిలో మరో మెట్టు. ఈస్టు తయారు చేసిన ఆల్కహాలు, అసిటిక్ ఆమ్లం కలిసి ఇథైల్ అసిటేట్‌గా మారినప్పుడు ఆ ఘాటు వస్తుంది. కుండలో సగానికి పైగా ఖాళీ ఉండి, గాలి ఎక్కువగా తగులుతున్నప్పుడు ఇది త్వరగా పెరుగుతుంది. ఇల్లు చిన్నదై వాడకం తగ్గితే పెద్ద కుండలో అడుగున కొద్దిగా ఉంచడం కంటే చిన్న కుండకు మారడం సరైన పని.

వినిగరు ఘాటుకు కారణమయ్యే అసిటిక్ బాక్టీరియాకు రెండు కావాలి: ఆల్కహాలు, గాలి. మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలు ఆ బాక్టీరియాను కుండ దాకా మోసుకొస్తాయి. మామిడిపండ్ల కాలంలో పండ్ల గంప పక్కనే తరవాణి కుండ ఉంటే ఈ దోషం రాకపోతేనే ఆశ్చర్యపడాలి. కుండను దూరంగా పెట్టి, మూతి గుడ్డను రెండు మడతలు వేసి, దారంతో బిగించి కట్టాలి. పులుపు తగ్గించడానికి వంటసోడా వేయడం కొందరికి అలవాటు. సోడా పులుపును చంపడంతో పాటు తరవాణిని కాపాడుతున్న ఒకే ఒక్క రక్షణను తొలగిస్తుంది. మరీ పులిసిందనిపిస్తే తోడుకున్న గ్లాసులో కాచి చల్లార్చిన నీరు కలుపుకోవాలి గాని కుండ జోలికి పోకూడదు.

పైన తెల్లటి పలచని పొర, ముడతలు పడిన కాగితంలా పరచుకుంటే అది ఉపరితలపు ఈస్టు. దాన్ని గరిటెతో తీసివేసి, అంచులు తుడిచి, రోజూ కలుపుతూ వాడుకోవచ్చు. నూగు లేచిన పొర, పచ్చ, నలుపు, గులాబీ, నారింజ రంగు మచ్చలు బూజుకు గాని ఇతర హానికర జీవులకు గాని గుర్తులు. పైది తీసివేసి కిందిది వాడుకునే ప్రయత్నం చేయకూడదు, ఎందుకంటే బూజు వేర్లు, విషాలు కంటికి కనిపించే మచ్చ దాటి ద్రవంలోకి దిగుతాయి.

వాసన కాక రుచిలో మాత్రమే తెలిసే దోషాలు తక్కువ. చేదు వస్తే మెంతులను, కుండలో రోజుల తరబడి నానిన దబ్బాకులను తీసివేయాలి. ఆకులను ఒక పూట ఉంచి తీయడం చాలు. లోహపు రుచికి బోరు నీటిలోని ఇనుము కారణం కాకపోతే పాత్ర కారణం. కళాయి లేని ఇత్తడి, రాగి, సత్తు గిన్నెలలో ఈ పుల్లని ద్రవాన్ని నిలవ ఉంచితే లోహం కరిగి దిగుతుంది. అలా నిలిచినదాన్ని తాగకూడదు. తోడడానికి కొబ్బరి చిప్ప గరిటె మంచిది, అయితే దాన్ని కుండలోనే వదిలివేయకుండా ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

కారణం తేలనప్పుడు సీసాల పరీక్ష

పై వివరాలతో కారణం తేలకపోతే ఒక్కసారి ఒక్క సంగతినే మార్చి చూడాలి. నీరు, బియ్యం, కుండ మూడూ ఒకేసారి మారిస్తే తరవాణి బాగుపడవచ్చు గాని, దేనివల్ల బాగుపడిందో తెలియదు, ఆరు నెలలకు అదే దోషం మళ్ళీ వస్తుంది. మరిగిన నీటితో కడిగి ఆరబెట్టిన మూడు లీటరు గాజు సీసాలు తీసుకోవాలి. మొదటిదానిలో ఎప్పుడూ వాడే నీరు, ఎప్పుడూ వాడే బియ్యపు గంజి పోయాలి. రెండవదానిలో అదే బియ్యాన్ని కొనుక్కొచ్చిన డబ్బా నీటితో వండి ఆ గంజి పోయాలి. మూడవదానిలో ఎప్పటి నీటితోనే వేరే బియ్యం వండి పోయాలి. మూడింటికీ ఒకే తోడు, ఒకే మోతాదులో వేసి, మూతికి గుడ్డలు కట్టి, కుండ పక్కనే ఉంచాలి. సీసాల అడుగున గుర్తులు మరొకరి చేత పెట్టించి, ఏది ఏదో తెలియకుండా రెండు రోజుల తరువాత వాసన చూడాలి.

మూడూ బాగుండి కుండ ఒక్కటే చెడితే దోషం కుండది. రెండవది మాత్రమే బాగుంటే నీటిది; మూడవది మాత్రమే బాగుంటే బియ్యానిది. మూడూ చెడితే తోడును, గది వేడిని అనుమానించి, మంచి తరవాణి నడుస్తున్న మరో ఇంటి నుంచి తోడు తెచ్చి పరీక్ష మళ్ళీ పెట్టాలి. తేదీ, నీరు, బియ్యం, గది వేడి, 48 గంటల పీహెచ్ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ ఉంటే రెండో ఏటికి ఈ పరీక్ష అవసరం చాలావరకు తగ్గుతుంది.

పారబోసిన తరువాత

బూజు పట్టినదాన్ని కుడితి తొట్టిలో పోయకూడదు. కొన్ని బూజులు తయారు చేసే అఫ్లటాక్సిన్ విషం గేదె కడుపులోకి వెళ్ళి, రూపు మార్చుకొని, పాలలోకి దిగుతుంది. పసిపిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అనుమానం ఉన్న ఏ కుండలోది కూడా పెట్టకూడదు.

ఖాళీ చేసిన కుండను కొబ్బరి పీచుతో, వేడినీటితో తోమి, మరిగే నీటిని నింపి చల్లారే వరకు ఉంచి, ఈ పనిని మళ్ళీ ఒకసారి చేసి, మూడు రోజులు ఎండలో బోర్లించకుండా నోరు పైకి ఉంచి ఆరబెట్టాలి. తరువాత కాచి చల్లార్చిన నీరు పోసి ఒక రాత్రి ఉంచి, ఆ నీటిని వాసన చూడాలి. నీటికి ఏ వాసనా అంటకపోతే కుండ మళ్ళీ పనికి వస్తుంది. బూజు వాసనో, మందుల వాసనో మిగిలి ఉంటే మట్టి గోడలోకి అది ఇంకిపోయినట్టే. ఆ కుండలో మొక్క వేసుకొని, కుమ్మరి దగ్గర కొత్తది తెచ్చుకోవడం మంచిది.

తోడు కోసం ఊరంతా తిరిగే అవస్థ రాకుండా, కుండ బాగున్న రోజుల్లోనే పావులీటరు తేటను గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో దాచుకోవాలి. రెండు వారాలకొకసారి దాన్ని తీసి, సగం పారబోసి, సగం తాజా గంజి కలిపి, ఒక రోజు బయట పులియనిచ్చి, తిరిగి లోపల పెట్టాలి. కుండను మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఈ సీసాలోని తోడును ముందు అరలీటరు గంజిలో వేసి, అది సరిగా పులిసిందని పీహెచ్ కాగితంతో చూసుకున్న తరువాతే కుండలోకి మార్చాలి. కొత్త కుండలో మొదటి నింపుడు మట్టి రుచితో ఉంటుంది కనుక దాన్ని తాగకుండా, రెండవ నింపుడు నుంచి వాడుకోవాలి.